రాయలసీమలో ఐపీ: అప్పులవాళ్లు, వకీళ్లు, కోర్టు

అప్పు తీర్చలేనివాడు తానే కోర్టుకు వెళ్లి, ఉన్న ఆస్తినంతా అప్పగించి, దాన్ని అప్పులవాళ్లందరికీ దామాషా ప్రకారం పంచమని కోరే దరఖాస్తు పేరు ఇన్‌సాల్వెన్సీ పిటిషన్. కర్నూలు, కడప ప్రాంతాల్లో ఆ పూర్తి పేరు పలికేవాళ్లు తక్కువ. నంద్యాల పత్తి వ్యాపారి అయినా, ఆదోని మండీ దలారీ అయినా, ప్రొద్దుటూరు బట్టల కొట్టు యజమాని అయినా ‘ఐపీ పెట్టాడు’ అనే అంటారు. దీనికి ఆధారం 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టం. ఆస్తిని న్యాయంగా పంచడానికి చేసిన చట్టం ఇది. సీమలో మాత్రం పంపకం కన్నా రక్షణకు, బేరానికి ఎక్కువగా పనికొచ్చింది. అలా ఎందుకు జరిగిందో తెలియాలంటే ఈ మెట్ట నేలలో అప్పు ఎలా పుట్టేదో, కోర్టులో దాని లెక్క ఎలా తేలేదో చూడాలి.

13వ శతాబ్దం చివర దక్షిణాది తీరానికి వచ్చిన మార్కోపోలో అప్పుల గురించి ఒక ఆచారం రాసిపెట్టాడు. అప్పిచ్చినవాడు బాకీదారు చుట్టూ నేల మీద గీత గీస్తే, బాకీ తీర్చేదాకానో హామీ చూపేదాకానో వాడు దాన్ని దాటకూడదు. స్వయంగా రాజే ఒక పరదేశి వర్తకుడు గీసిన గీతలో నిలబడిపోవడం చూశానని కూడా చెప్పాడు. అది తమిళ తీరం సంగతి. సీమ పల్లెల్లో ఈ పని ఊరి చావడి చేసేది. రెడ్డి, కరణం, నలుగురు పెద్దమనుషులు కూర్చుని, బాకీదారు దగ్గర ఉన్నదెంతో తేల్చి, రూపాయికి ఇన్ని అణాలని అందరికీ సర్దేవారు. ఒప్పుకోని అప్పులవాడు బాకీదారు వాకిట్లో బైఠాయించేవాడు. రాతకోతలు తక్కువ, పరువు లెక్క ఎక్కువ.

1800లో నిజాం తన రక్షణకు ఉంచిన కంపెనీ సైన్యం ఖర్చు కింద కడప, బళ్లారి ప్రాంతాలను ఈస్టిండియా కంపెనీకి ధారాదత్తం చేశాడు. అవే దత్తమండలాలు. కర్నూలు మాత్రం 1839లో నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకునేదాకా పఠాన్ నవాబుల చేతిలోనే ఉంది. దత్తమండలాలకు 1800 నుంచి 1807 దాకా ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రోకు ఊరి పంచాయతీ మీద గురి. ఆయన పూనికతోనే 1816లో గ్రామ మునసబుకు చిన్న బాకీల దావాలు విచారించే అధికారం, పంచాయతీలకు చట్టబద్ధత వచ్చాయి. ఆ పంచాయతీలకు కక్షిదారులు పెద్దగా పోలేదు. తీర్పును అమలు చేయించే బలం కోర్టుకు ఉన్నంతగా వాటికి లేదు. 1827లో గవర్నరు హోదాలో మళ్లీ ఈ జిల్లాలు చూడ్డానికి వచ్చిన మన్రో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. ఆ తరవాత అప్పుల తగాదాలు చావడి వదిలి కోర్టు మెట్లెక్కడం పెరుగుతూనే పోయింది.

1859లో వచ్చిన రెండు చట్టాలు ఈ వేగాన్ని ఇంకా పెంచాయి. ఒకటి సివిల్ ప్రొసీజర్ కోడు. అది డిక్రీ పొందినవాడికి బాకీదారు ఆస్తిని జప్తు చేయించే దారి, మనిషినే పట్టించే దారి రెండూ చూపించింది. రెండోది కాలపరిమితి చట్టం. మామూలు చేబదులుకు మూడేళ్లు దాటితే దావా చెల్లదని అది తేల్చింది. రైతును పాత బాకీల నుంచి కాపాడాలన్నది ఉద్దేశం. జరిగింది వేరు. మూడేళ్లు నిండేలోపు సావుకారు రైతును పిలిచి ప్రోనోటు తిరగరాయించుకునేవాడు. అసలుకు వడ్డీ కలిసి కొత్త అసలయ్యేది, దాని మీద మళ్లీ వడ్డీ నడిచేది. లేదంటే నాలుగు రూపాయలు ముట్టినట్టు నోటు వెనక చెల్లు వేయించుకునేవాడు. అప్పుడు మూడేళ్ల గడువు మళ్లీ మొదలు. రెండింటికీ ఒప్పుకోని రైతు మీద దావా పడేది.

అప్పిచ్చేవాళ్లంతా కోమటి సావుకార్లేనన్న అభిప్రాయం ఒకటుంది. దత్తమండలాల్లో అది సగమే నిజం. నల్లరేగడి ఊళ్లలో గింజలూ డబ్బూ అప్పిచ్చినవాళ్లలో పెద్ద రైతులే ఎక్కువ. కరువులో ఊరిని బతికించేది వాళ్లే, పంట వచ్చినప్పుడు కల్లంలో మొదటి చెయ్యి వేసేదీ వాళ్లే. అందువల్ల బాకీదారుకు, అప్పులవాడికి మధ్య తగాదా ఒక్క డబ్బుతో ఆగేది కాదు, ఊళ్లో పలుకుబడి దాకా పోయేది. ఐపీ మీద అప్పులవాళ్ల కోపానికి ఇదీ ఒక మూలం.

1861లో అమెరికాలో అంతర్యుద్ధం మొదలై అక్కడి దూది ఇంగ్లండుకు ఆగిపోగానే కర్నూలు, బళ్లారి, కడప పత్తికి ఎన్నడూ లేని ధర పలికింది. ధరను చూసి అప్పులు పెరిగాయి. 1865లో యుద్ధం ముగియడంతో ధర పడిపోయింది, నోట్లు మిగిలాయి. ఆ తరవాత 1876–78 కరువు వచ్చింది. 1871, 1881 జనగణనల మధ్య ఒక్క కర్నూలు జిల్లాలోనే సుమారు పావువంతు జనం తగ్గిపోయారు. అలా మునిగింది రైతులే కాదు. తుంగభద్ర మీద సుంకేసుల ఆనకట్ట కట్టి కర్నూలు–కడప కాలువ తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీకి మెట్టపైర్ల రైతులు నీళ్లు కొనక రాబడి రాలేదు. పెట్టుబడి మీద ఐదు శాతానికి ప్రభుత్వం ముందే హామీ ఇచ్చి ఉండటంతో వాటాదారులు నష్టపోలేదు. 1882లో కాలువను ప్రభుత్వమే కొనేసింది. నష్టాన్ని సర్కారు నెత్తిన దించుకునే ఏర్పాటు కంపెనీకి ఉండింది. కాలువ గట్టు మీది రైతుకు అలాంటిది లేదు.

ఆ రోజుల్లో బాకీ కట్టనివాణ్ని సివిల్ జైలులో పెట్టించవచ్చు. జైల్లో అతని తిండి ఖర్చు మాత్రం సర్కారు పెట్టదు, డిక్రీదారే ముందుగా కోర్టులో కట్టాలి. కట్టడం ఆపితే ఖైదీని వదిలేస్తారు. బాకీ రాకపోగా బాకీదారుకు రోజూ భోజనం పెట్టాల్సిన ఈ ఏర్పాటు నేటికీ సివిల్ ప్రొసీజర్ కోడులో అలాగే ఉంది. ఎక్కువ అరెస్టు వారంట్లు జైలు దాకా పోక, కోర్టు అమీనా గడప ముందు నిలబడగానే బాకీ కొంత ముట్టడంతో ముగిసిపోవడానికి ఇదొక కారణం. 1888లో డబ్బు డిక్రీల కింద ఆడవాళ్లను అరెస్టు చేయడం రద్దయింది. అదే ఏడాది నుంచి నిరుపేద బాకీదారును వదిలిపెట్టే విచక్షణ కోర్టులకు వచ్చింది.

దివాలాకు మాత్రం తోవ ఇరుకుగానే ఉండేది. 1882 నాటి కోడులోని అధ్యాయం ప్రకారం డిక్రీ పడి, అరెస్టో జప్తో అయినవాడే ఆ దరఖాస్తు పెట్టుకోగలడు. మద్రాసు పట్నానికి వేరే చట్టం, వేరే అధికారి ఉండేవారు. జిల్లాలకు సొంత దివాలా చట్టం 1907లో వచ్చింది. అంతకు ఒక్క ఏడాది ముందే, 1906 అక్టోబరులో, మద్రాసులో ఆర్బత్నాట్ కంపెనీ కూలి దక్షిణాది అంతటా డిపాజిటుదారులు మునిగారు. ఆ యజమాని సర్ జార్జ్ ఆర్బత్నాట్ జైలుకు వెళ్లాడు. ఆ దెబ్బ నుంచే 1907లో ఇండియన్ బ్యాంకు పుట్టింది. కర్నూలు జిల్లా నడుమనున్న బనగానపల్లె సంస్థానంలో సైతం, ఆర్థిక వ్యవహారాలు అదుపు తప్పాయని 1905లో మద్రాసు ప్రభుత్వం పాలన తన చేతిలోకి తీసుకుని, 1908లో తిరిగి అప్పగించింది. నవాబుకైతే ఐపీ అవసరం లేకుండానే, దివాలాదారు ఆస్తిని చేతిలోకి తీసుకునే రిసీవరు వచ్చినట్టయింది. 1907 చట్టాన్ని సవరించి తిరగరాసినదే 1920 నాటి ఐదో నంబరు చట్టం.

ఈ చట్టం కింద బాకీదారు తానే పిటిషన్ వేయాలంటే బాకీలు కనీసం 500 రూపాయలుండాలి, లేదా డబ్బు డిక్రీ కింద అరెస్టో ఆస్తి జప్తో జరిగి ఉండాలి. 500కు తక్కువ కాని బాకీ రావలసిన అప్పులవాడు కూడా వేయవచ్చు, అయితే బాకీదారు ‘దివాలా చర్య’ చేసిన మూడు నెలల్లోపే వేయాలి. అప్పులవాళ్లను ఎగ్గొట్టడానికి ఆస్తి రాసివ్వడం, కొట్టుకు తాళం వేసి ఊరు వదలడం, ఇక చెల్లించలేనని కబురు పంపడం అన్నీ దివాలా చర్యలే. సీమ బజారు భాషలో బోర్డు తిప్పేయడం అన్నది చట్టం దృష్టిలో ఇదే. ఒకసారి చేసిన దివాలా చర్యను తరవాతి సర్దుబాట్లతో చెరిపేయలేరని 1966లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

పిటిషన్ పని వకీలు ఆఫీసులో రెండు కాగితాలతో మొదలవుతుంది. ఎ షెడ్యూలులో అప్పులవాళ్ల పేర్లు, ఊళ్లు, ఎంత బాకీ, ఏ తేదీన, నోటు మీదనా తనఖా మీదనా అన్నది వరసగా రాస్తారు. బి షెడ్యూలులో ఆస్తి: సర్వే నంబర్లు, ఇల్లు, కొట్టులో సరుకు, తనకు ఇతరుల నుంచి రావలసినవి. ఎ షెడ్యూలు నింపడమే కష్టమైన పని. పేరు వదిలేస్తే ఆ అప్పులవాడికి నోటీసు వెళ్లదు. అతడు రేపు కోర్టులో లేచి, తనను కావాలనే దాచాడంటాడు. అందుకే అనుభవమున్న వకీలు బామ్మర్ది దగ్గర తీసుకున్న చేబదులు దగ్గర్నుంచి కిరాణా కొట్టు ఖాతా దాకా గుచ్చి గుచ్చి అడుగుతాడు. బాకీదారుకు అది సిగ్గు. గుమస్తా ముందు ఒక్కొక్క పేరూ చెప్పించడానికి రెండు మూడు సార్లు రప్పించాల్సి వస్తుంది. ప్రతి పేరుకూ నోటీసు బత్తా కట్టాలి కాబట్టి జాబితా పొడవైనకొద్దీ ఖర్చూ పెరుగుతుంది. దివాలా తీయడానికీ డబ్బు కావాలన్నమాట.

బి షెడ్యూలులో ఏది రాయాలో, ఏది రాసినా పోదో సివిల్ ప్రొసీజర్ కోడు 60వ సెక్షను చెబుతుంది. కట్టుబట్టలు, వంటపాత్రలు, పక్కబట్టలు, ఆచారం ప్రకారం ఆడవాళ్లు ఒంటి మీది నుంచి తీయని నగలు జప్తుకు రావు. రైతుకైతే మడక, గుంటక, గొర్రు, బతుకుదెరువుకు కావలసిన ఎద్దులు, విత్తనపు గింజలు, తానుండే ఇల్లు మినహాయింపు. చేనేతవాడికైతే మగ్గం. అవి కాక మిగిలినదంతా దివాలాదారుగా ప్రకటించాక కోర్టుకో రిసీవరుకో దఖలవుతుంది. తనఖా ఉన్న అప్పులవాడు ఈ పంపకానికి బయటే ఉంటాడు, తన తాకట్టు ఆస్తి మీద తాను పోతాడు. కొట్లాట అంతా ప్రోనోట్ల వాళ్లదే.

తరవాత తేదీల లెక్క. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక అప్పులవాడికి ప్రత్యేకంగా సొమ్ము కట్టి ఉంటే రిసీవరు దాన్ని వెనక్కి లాగవచ్చు. పిటిషన్‌కు ముందు రెండేళ్లలో సరైన ప్రతిఫలం లేకుండా రాసిచ్చిన ఆస్తికీ అదే గతి. సీమలో ఈ రెండో నిబంధనకు పని ఎక్కువ. కూతురికి పసుపుకుంకుమల కింద రాసిచ్చిన నాలుగెకరాలు, కొడుకులతో హడావిడిగా రిజిస్టరు చేసుకున్న భాగపరిష్కార దస్తావేజు, భార్య పేరన పడిన ఇల్లు విచారణలో మొదట బయటికొచ్చేవి. వకీలు వీటిని ముందే కనిపెట్టి చెప్పాలి. కొందరు వకీళ్లు రెండేళ్లు గడిచాక పిటిషన్ వేయమని సలహా ఇచ్చేవాళ్లన్న మాట కోర్టు ఆవరణల్లో ఎప్పుడూ ఉంది. చట్టం తెలిసినవాడి చేతిలో గడువు కూడా ఆయుధమే, ఆ ఆయుధం రెండు పక్షాలకూ అందుబాటులో ఉంటుంది.

విచారణ రోజున బాకీదారు బోనెక్కి తన నడవడి, లావాదేవీలు, ఆస్తి గురించి చెప్పాలి. హాజరైన అప్పులవాళ్లందరికీ అతణ్ని ప్రశ్నించే హక్కును చట్టమే ఇచ్చింది. పాశ్చాత్య దేశాల్లో అప్పులవాళ్ల సమావేశం పేరుతో విడిగా జరిగే తతంగం ఇక్కడ జరిగేది సబ్‌కోర్టు హాల్లోనో అఫిషియల్ రిసీవరు ఆఫీసులోనో. జిల్లాకొక రిసీవరును నియమించేవారు, సాధారణంగా ఆయనా ఒక వకీలే. ఖాతా పుస్తకాలు తేవాలి. మూడేళ్ల లెక్కలు సరిగా లేకపోవడం తరవాత అప్పుల నుంచి విడుదలకు అడ్డం పడుతుంది. పంట పోయింది, ధర పడింది అని చెప్పేవాణ్ని ఏ ఏట ఎన్ని బస్తాలు, ఏ మండీకి తోలావు, చీటీ ఏదీ అని అవతలి వకీలు అడుగుతాడు. ప్రతి అప్పులవాడూ సొంత వకీలును పెట్టుకోలేడు. నలుగురైదుగురు కలిసి ఒకరికి వకాలత్ ఇచ్చేవాళ్లు. ఊరికి దూరంగా ఉన్నవాళ్లు తమ బాకీని ప్రమాణపత్రంతో రిజిస్టరు పోస్టులో పంపి రుజువు చేసుకోవచ్చు.

అసలైన అప్పులవాళ్ల సమావేశం అనదగింది రాజీ ప్రతిపాదనతో వస్తుంది. రూపాయికి ఇంత ఇస్తాను, మిగతాది వదిలేయండని దివాలాదారు ప్రతిపాదిస్తే కోర్టు తేదీ వేసి అందరికీ నోటీసు పంపుతుంది. బాకీ రుజువై, స్వయంగానో వకీలు ద్వారానో హాజరైన అప్పులవాళ్లలో తలల లెక్కన సగానికి పైగా, సొమ్ము లెక్కన ముప్పాతిక వంతు ఒప్పుకోవాలి. ఈ రెండు లెక్కల వల్లే ఎ షెడ్యూలులో బినామీ అప్పులు చేరేవి. చుట్టాల పేర పాత తేదీ వేసి రాసిన నోటు తలను పెంచుతుంది, సొమ్మునూ పెంచుతుంది. అందుకే అప్పులవాళ్ల వకీళ్లు నోటు మీది స్టాంపు, సిరా, సాక్షుల చేవ్రాళ్లు, అంత సొమ్ము ఇచ్చే స్తోమత ఆ చుట్టానికి ఉందా అన్నది పట్టి పట్టి చూసేవారు. పిటిషన్‌లో అబద్ధం, దాచిన ఆస్తి, మోసపు బదలాయింపు తేలితే ఏడాది దాకా జైలు పడవచ్చు.

ఇంత చేసినా ఎక్కువ కేసులు విడుదల ఉత్తర్వు దాకా నడవలేదు. ఆస్తి విలువ తాకట్టు లేని బాకీల్లో రూపాయికి ఎనిమిదణాలకు తగ్గితే, ఆ తగ్గుదల తన తప్పు కాదని దివాలాదారు చూపిస్తే తప్ప, కోర్టు పూర్తి విడుదల ఇవ్వదు. జూదం, దుబారా, గుడ్డి సట్టా వ్యాపారం కూడా విడుదలకు అడ్డంకులే. వానను నమ్మి పత్తి వేసినవాడు గుడ్డి సాహసం చేశాడా అన్న ప్రశ్నకు చట్టంలో జవాబు లేదు. గడువులోపు విడుదలకు దరఖాస్తు చేయకపోతే దివాలా ప్రకటనే రద్దవుతుంది, అప్పులు మళ్లీ మీద పడతాయి. ఈ మధ్య కాలమే బాకీదారుకు దక్కిన లాభం. అరెస్టు నుంచి రక్షణ ఉత్తర్వు ఉంటుంది, కోర్టు అనుమతి లేకుండా దావాలు నడవవు, వడ్డీ పరుగు ఆగుతుంది. ఇంతలో పెద్దమనుషులు కూర్చోబెడతారు. అప్పులవాళ్లూ కోర్టు ఖర్చులు లెక్కేసుకుని, రిసీవరు వేలం వేస్తే చేతికొచ్చేది అణాల్లోనేనని గ్రహించి, బయటే సర్దుబాటుకు వస్తారు. వ్యవహారం మళ్లీ చావడికే వచ్చింది, ఈసారి ఐపీ నంబరు చేతిలో పట్టుకుని.

1929 తరవాత ధరలు కూలినప్పుడు ఈ తోవ కూడా చాలలేదు. 1936లో మద్రాసు ప్రభుత్వం అప్పుల రాజీ బోర్డుల చట్టం తెచ్చింది. అసలు మార్పు రాజాజీ మంత్రివర్గం చేసిన 1938 వ్యవసాయదారుల రుణ విమోచన చట్టంతో వచ్చింది. 1932 అక్టోబరు 1కి ముందు చేసిన బాకీల మీద 1937 అక్టోబరు 1 నాటికి పేరుకున్న వడ్డీ అంతా కొట్టేశారు. అసలుకు రెట్టింపు అప్పటికే ముట్టి ఉంటే మొత్తం బాకీయే పోయింది. పరువు తీసే ఐపీ కన్నా రైతుకు ఇది మేలు. అక్కడి నుంచి సాగుదారు దివాలా కోర్టుకు దూరమవుతూ, వ్యాపారులు ఐపీకి దగ్గరవుతూ వచ్చారు. 1977లో ఆంధ్రప్రదేశ్ రుణ విమోచన చట్టం చిన్న రైతులు, వ్యవసాయ కూలీలు, చేతివృత్తులవాళ్ల బాకీలను రద్దు చేయడంతో ఆ ధోరణి మరింత గట్టిపడింది.

స్వాతంత్ర్యం తరవాత ఐపీ ఎక్కువగా ఆదోని పత్తి, నూనెగింజల బజారు, ప్రొద్దుటూరు బంగారం–బట్టల వీధులు, నంద్యాల మండీల మాట. 1953లో ఆదోని బళ్లారి నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో చేరింది. ఇక్కడ అప్పు మండీ దలారీ, రైతు, చీటీల పెద్ద, ఎరువుల డీలరు మధ్య గొలుసుగా నడుస్తుంది. ఒకరు చేతులెత్తేస్తే అతనికి సరుకిచ్చిన రైతులే ఎ షెడ్యూలులో అప్పులవాళ్లుగా తేలతారు. రిజిస్టరు పోస్టులో ఐపీ నోటీసు వచ్చిన ఇంట్లో డబ్బు మునిగిందన్న కబురు వకీలు దగ్గరికి వెళ్లకముందే ఊరంతా పాకుతుంది. దివాలాదారుకు పడే చట్టపరమైన దెబ్బలు కూడా చిన్నవి కావు. విడుదల పొందని దివాలాదారు శాసనసభకు, పార్లమెంటుకు పోటీ చేయరాదని రాజ్యాంగమే చెబుతోంది. తన స్థితి చెప్పకుండా 50 రూపాయలో అంతకు మించో అప్పు తీసుకోవడం నేరం.

2016లో దివాలా స్మృతి వచ్చాక కంపెనీల దారి వేరైంది. కర్నూలు, కడపల్లో రిజిస్టరైన కంపెనీ మునిగితే వ్యవహారం నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ అమరావతి బెంచికి వెళుతుంది. అక్కడ రిజల్యూషన్ ప్రొఫెషనల్ పిలిచే అప్పులవాళ్ల కమిటీ సమావేశంలో ప్రధానంగా బ్యాంకులు కూర్చుని ఓట్లేస్తాయి. ముఖ్యమైన తీర్మానాలకు 2018 నుంచి 66 శాతం ఓట్లు చాలు. కంపెనీల బాకీలకు హామీ పడిన వ్యక్తులకు 2019 డిసెంబరు 1 నుంచి ఇదే స్మృతి వర్తిస్తోంది. మిగతా వ్యక్తులకు సంబంధించిన భాగం అమల్లోకి రాకపోవడంతో కిరాణా వ్యాపారి, దలారీ, రైతు ఇప్పటికీ 1920 చట్టం కిందే సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో ఐపీ వేస్తున్నారు. కంపెనీ మీద దివాలా దరఖాస్తుకు ఉండాల్సిన కనీస బాకీని 2020 మార్చిలో లక్ష నుంచి కోటి రూపాయలకు పెంచారు. మనిషికి మాత్రం ఆ పరిమితి నేటికీ 500 రూపాయలే.